ఆఖరి పది నిమిషాలూ వ్యాయామమే

సంపాదకులకు నమస్కారం.

తెల్లవారుజామున వాహనాలు ఆపి బీచ్ రోడ్డును నడిచేవాళ్లకు వదిలిపెట్టడం విశాఖలో జరిగిన మంచి పనుల్లో ఒకటి. వయసుతో నిమిత్తం లేకుండా ఎందరో నడుస్తున్నారు, పరుగెడుతున్నారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి విరమించిన నాకు ఇది కన్నులపండువే. నా బాధంతా వాళ్లు ఆపే తీరు గురించే. పరుగున వచ్చి స్కూటరు దగ్గర ఆగుతారు, ఆ రొప్పుతోనే తాళం తిప్పి వెళ్లిపోతారు.

పరుగెత్తేటప్పుడు కాళ్ల కండరాల్లో రక్తనాళాలు వెడల్పవుతాయి. పిక్కలు బిగిసిన ప్రతిసారీ ఆ రక్తాన్ని గుండె వైపు తోస్తుంటాయి. ఉన్నట్టుండి నిలబడిపోతే తోసేవి ఆగిపోతాయి, నాళాలు మాత్రం వెంటనే సన్నబడవు. రక్తం కాళ్లలోనే నిలిచి, రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. రక్తపోటు మందులు వాడేవారికీ, మన ఉక్కబోతలో చెమటోడ్చినవారికీ ఈ ముప్పు మరీ ఎక్కువ. పోయిన వేసవిలో కాళీమాత గుడికి కాస్త దూరంలో, నలభై ఏళ్లుండే మనిషి పరుగు ముగించి బండి స్టాండు తీస్తూనే కూలబడ్డాడు. పడుకోబెట్టి కాళ్లు పిట్టగోడ మీద ఆనిస్తే కాసేపటికి తేరుకున్నాడు. అదే బండి కదిలాక జరిగి ఉంటే? అయిదు నుంచి పది నిమిషాలు వేగం తగ్గించుకుంటూ నడిస్తే చాలు, గుండె తనంతట తాను నెమ్మదిస్తుంది.

ఇక స్ట్రెచింగ్. అది చేస్తే మర్నాడు ఒళ్లునొప్పులే ఉండవని కొందరు శిక్షకులు చెప్పడం సరికాదు. నొప్పుల మీద దాని ప్రభావం చాలా స్వల్పమేనని 2011లో వెలువడిన కాక్రేన్ సమీక్ష (ఒకే విషయంపై జరిగిన వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి చూసే పరిశీలన) తేల్చింది. చేయవలసింది కీళ్లు పూర్తిగా కదిలే గుణం పోకుండా. వయసు మీదపడేకొద్దీ కింద కూర్చుని లేవడం, వంగి ముగ్గు వేయడం కష్టమయ్యేది ఆ గుణం తగ్గడం వల్ల కూడా. ఒళ్లు వేడిగా ఉన్నప్పుడు కండరం సులువుగా సాగుతుంది కనుక నడక ముగిసిన సమయమే దీనికి అనువు. పిట్టగోడకు రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు అదిమి ఉంచి, వెనక మోకాలు వంచకుండా ముందుకు ఒరగాలి. పిక్క లాగినట్టు తెలియగానే అక్కడే ఆగి 30 సెకన్లు ఉండాలి. నొప్పి పుట్టేదాకా పోకూడదు, ఊగకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. తరువాత అదే మోకాలు కొద్దిగా వంచితే లాగుడు కిందికి, పిక్కను మడమకు కలిపే స్నాయువు దగ్గరికి దిగుతుంది. ఎక్కువ మంది వదిలేసేది ఈ రెండో భాగాన్నే.

సింహాచలం గిరి ప్రదక్షిణ సంగతి కూడా చెప్పాలి. కొండ దిగువన తొలి పావంచా (మొదటి మెట్టు) వద్ద కొబ్బరికాయ కొట్టి బయలుదేరిన భక్తులు 32 కిలోమీటర్లు నడిచి వచ్చి, దొరికినచోట చతికిలబడతారు, లేదా దర్శనం వరుసలో కదలకుండా నిలబడిపోతారు. అన్ని గంటల నడక తరువాత కదలకుండా నిలబడటం మంచిది కాదు. వరుసలో ఉన్నా మడమలు ఎత్తి దించుతూ ఉండమని దేవస్థానం వారు మైకులో చెప్పిస్తే ఎంతో మేలు.

బీచ్ రోడ్డు విషయంలో నగరపాలక సంస్థకూ పోలీసు శాఖకూ నా విన్నపం ఒక్కటే. వాహనాలు వదలడానికి పది నిమిషాల ముందు, ఇక వేగం తగ్గించి నెమ్మదిగా నడవమని మైకులో ప్రకటించండి. పిట్టగోడ పక్కన పిక్కల స్ట్రెచింగ్ బొమ్మతో తెలుగు బోర్డులు పెట్టించండి. ఎలా నిలబడాలో చూపించడానికి ఉదయం పూట నేను వస్తాను. వాకర్ల సంఘాలు పిలిస్తే చాలు.

- విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం