మలక్‌పేట గంజ్ హమాలీ అన్నకు, మా బుజ్జి తరఫున

మా బుజ్జి బతికాడు. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను, ఫోన్లు చేస్తున్న అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు. నిన్న రాత్రి క్లినిక్ నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. తెల్లవారుజామున గిన్నెడు నీళ్ళు తాగాడు, పెరుగన్నం రెండు ముద్దలు తిన్నాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి కానీ ఇది రాయకుండా పడుకోలేను.

బుజ్జి అంటే చిన్నపిల్ల అనుకునేరు. వాడు సెయింట్ బెర్నార్డ్, 68 కిలోలు. స్విట్జర్లాండ్, ఇటలీ మధ్య ఆల్ప్స్ కనుమలో, మంచులో సన్యాసుల మఠం దగ్గర పెరిగిన జాతి. అమెరికా వెళ్ళిపోతూ ఒక కుటుంబం వదిలించుకోబోతే మేం తెచ్చుకున్నాం. వాడికి తోచినప్పుడే లేస్తాడు. వంటింటి గడపకు అడ్డంగా పడుకుంటే గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి కూడా దాటుకుని వెళ్ళాల్సిందే. పొద్దున్నే నడకకు తీసుకెళ్తే కర్రీ పాయింట్ ముందు కూర్చుంటాడు, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా కదలడు. మా వీధిలో అందరికీ వాడి మొండితనం తెలుసు. నాకు ఇంకాస్త ఎక్కువ తెలుసు. మొండికేసినప్పుడు వాడు మొహం అటు తిప్పుకుంటాడు, తోక చివర మాత్రం మెల్లగా కదులుతుంటుంది. పిలుపు వినపడిందనీ, రానంటున్నాడనీ దానికి అర్థం.

మొన్న మలక్‌పేట గంజ్ ముందు ఆ తోక కదల్లేదు.

తుంటి కీళ్ళకు ఇంజెక్షన్ ఉందని దిల్‌సుఖ్‌నగర్ నుంచి క్యాబ్‌లో బయల్దేరాం. ఈ పెద్ద జాతులకు తుంటి నొప్పులు మామూలే. కుక్క ఉందని బుక్ చేసేటప్పుడే డ్రైవర్‌కి చెప్పాను, సరేనన్నాడు. సగం దారిలో బొచ్చు రాలుతోంది, ఓనర్ తిడతాడు, దిగిపోండమ్మా అన్నాడు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారే, ఆ ఎండలో, మిట్టమధ్యాహ్నం, మమ్మల్ని రోడ్డు మీద దింపేసి వెళ్ళిపోయాడు. తర్వాత బుక్ చేసిన క్యాబ్‌లు వచ్చినట్టే వచ్చి, వాణ్ణి చూసి క్యాన్సిల్ కొట్టాయి. నీడలోకి నడిపిద్దామనుకునేలోపే బుజ్జి కూలబడ్డాడు. నాలుక పొడుగ్గా వేలాడుతోంది, చిగుళ్ళు ఎర్రగా అయిపోయాయి. కుక్కలకు మనలా ఒంటి నిండా చెమట పట్టదు, వగరుస్తూనే ఒంట్లో వేడిని బయటికి పంపుకోవాలి. ఆ వగర్పు కూడా వాడికి చేతకావడం లేదు.

జనం పోగయ్యారు. వెనక హారన్లు. ‘మొండిది, లాగండి మేడమ్’ అని ఒకరు, ‘బిస్కెట్ చూపించండి, లేస్తది’ అని ఇంకొకరు. వీడియోలు తీస్తున్నారు, నవ్వుతున్నారు. ఇది మొండితనం కాదు బాబూ అని నేను ఎంత మొత్తుకున్నా ఒక్కరూ నమ్మలేదు.

అప్పుడొచ్చాడు ఆ అన్న. లారీలోంచి బస్తాలు దింపుతున్న హమాలీ. తలకు తువ్వాల, భుజాల మీద సున్నం రాసినట్టు దుమ్ము. వచ్చి బుజ్జి ముందు గొంతుక్కూర్చుని వాడి కళ్ళలోకి చూశాడు, పొట్ట మీద చెయ్యి పెట్టాడు.

‘పట్టీ గుంజకు అమ్మా, మెడకు పడ్తది. దీనికి పానం బాగలేదు’ అన్నాడు.

నేను అక్కడే ఏడ్చేశాను. అంతమందిలో ఒక్క మనిషి నా బిడ్డను సరిగ్గా చూశాడు.

ఆ తర్వాత అన్నీ ఆయనే చూసుకున్నాడు. ‘జర జరుగుండ్రి, గాలి రానియ్యుండ్రి’ అని జనాన్ని వెనక్కి నెట్టాడు. బకెట్లతో మామూలు నీళ్ళు తెప్పించి పొట్ట మీద, తొడల మధ్య, పాదాల మీద పోయించాడు. ఎవరో ఐసు తెస్తామంటే వద్దన్నాడు. తల మీది తువ్వాల విప్పి, తడిపి, నోటి చుట్టూ తుడిచాడు. కాస్త తేరుకున్నాక వాణ్ణి ఎత్తిన తీరు నేనెప్పటికీ మర్చిపోను. గోనెపట్టా సగం మడిచి వీపు వెంబడి పరిచాడు, మెల్లగా ఒక పక్కకి ఒరిగించి, మడత లాగి, మళ్ళీ ఇటు పొర్లించాడు. 68 కిలోల బుజ్జి ఒక్క మూలుగు లేకుండా పట్టా మీదికి వచ్చేశాడు. ఇంకో ముగ్గురు హమాలీలు తలో మూల పట్టుకున్నారు. ‘బస్తాలెత్తేటోళ్ళం, బరువెట్ల లేపాల్నో మాకెర్కలేదా అమ్మా’ అన్నాడు.

ట్రాలీ ఆటో ఇనుప రేకు కాలిపోతోంది. తడి గోనెలు పరిచి, తనే ముందు ఎక్కి కూర్చుని, బుజ్జి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. చాదర్‌ఘాట్ వంతెన దాటేదాకా సీసాతో నీళ్ళు చిలకరిస్తూ, ‘ఏం గాదు బిడ్డా, వచ్చినం, వచ్చినం’ అంటూనే ఉన్నాడు. అక్కడ లారీ ఇంకా సగం ఖాళీ కాలేదు. వాళ్ళకు కూలీ బస్తా లెక్కన. ఆ పూట ఎన్ని బస్తాల కూలీ పోయిందో నేను అడిగినా చెప్పలేదు. డబ్బు చేతిలో పెట్టబోతే చేతులు వెనక్కి కట్టుకున్నాడు. జ్వరం దిగుతోందని డాక్టర్ చెప్పేదాకా మెట్ల మీద కూర్చుని, అప్పుడు లేచి వెళ్ళాడు. పేరైనా అడగలేకపోయాను.

బుజ్జికి అప్పుడు 106 డిగ్రీలు. మామూలుగా 101, 102 ఉండాలట. బండెక్కించే ముందు అక్కడే చల్లబరిచారు కాబట్టి బతికాడని డాక్టర్ గారు అన్నారు.

మేము ముందు వెళ్ళిన క్లినిక్ సంగతి కూడా చెప్పాలి. బోర్డు మీద ‘24 గంటలు’ అని ఉంది. షట్టర్ వేసి ఉంది. ఫోన్ ఎత్తినాయన డాక్టర్ సాయంత్రం 5కి వస్తారన్నాడు. ఇంకోచోట బండి ఉంది, డ్రైవర్ లేడన్నారు. పల్లెల్లో పశువుల కోసం 1962 నంబరుతో 2017 నుంచి సంచార వైద్య వాహనాలు నడుస్తున్నాయి, చాలా మంచి పని. కోటి మంది ఉండే ఈ నగరంలో మాత్రం పడిపోయిన పెద్ద కుక్క కోసం నేను కూలీ మనిషి దయ మీద ఆధారపడాల్సి వచ్చింది. ఇంటికొస్తే మళ్ళీ లిఫ్ట్ గొడవ. పెంపుడు జంతువులను లిఫ్ట్‌లో రానివ్వకపోవడం తప్పని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పినా మా కమిటీ చెవికెక్కదు.

మావారు, మా అబ్బాయి ఆఫీసులు వదిలి పరిగెత్తుకొచ్చారు, క్లినిక్‌లో రాత్రి కాపలా వాళ్ళదే.

మర్చిపోయాను, కూలర్ బుజ్జి వైపు తిప్పిన బియ్యం కొట్టు సేట్ గారికి నమస్కారం. బాడుగ సగమే తీసుకున్న ట్రాలీ ఆటో తమ్ముడికి కూడా. వీడియో ఆపి, ఫోన్ జేబులో పెట్టి బకెట్ అందుకున్న కాలేజీ అబ్బాయీ, నిన్ను చూశాను నాన్నా. లిఫ్ట్ తలుపు తెరిచి పట్టుకున్న మా వాచ్‌మన్‌ని కమిటీ వాళ్ళు ఏమైనా అంటే ముందు నాతో మాట్లాడాలి. గొడుగు పట్టిన బురఖా అమ్మాయి. కాంపౌండర్ గారు.

గంజ్‌లో తెలిసినవాళ్ళుంటే ఆ అన్నకి బుజ్జి బాగున్నాడని చెప్పండి, ఆయన తువ్వాల నా దగ్గరే ఉంది, తెచ్చిస్తాను. సెలైన్ మార్చే అబ్బాయి వచ్చాడు, ఉంటాను. ఎవరినైనా వదిలేసి ఉంటే రేపు రాస్తాను.