వెనక దర్వాజ సంగతి రాయలేదేం?

సంపాదకుల వారికి,

మొన్న ఆదివారం అనుబంధంలో గడీల మీద, అంటే మా తెలంగాణ దొరల పాత కోటల్లాంటి ఇళ్ల మీద, రెండు పేజీలు వేశారు. ఫొటోలు బాగున్నాయి. డంగు సున్నం గోడలు, టేకు దూలాలు, ఏనుగు దూరేటంత దర్వాజ, బాగు చేయిస్తే టూరిస్టులు వస్తారని, పెళ్లి ఫొటోలకు కిరాయికి ఇవ్వొచ్చని అన్నీ రాశారు. అంత పెద్ద ఇల్లు ఎవరు ఊడ్చారో మాత్రం ఒక్క ముక్క లేదు. నేను పేపర్లకు ఉత్తరాలు రాసే మనిషిని కాను. కానీ ఆ పేపరు రావడానికి మూడు రోజుల ముందే మా ఇంట్లో ‘దాసి’ సినిమా చూసి ఉన్నాం. ఊరుకోలేకపోయాను.

నల్లగొండలో ఒక టాకీసులో ముప్పై ఏళ్లకు పైనే ఆపరేటరుగా చేశాను. ఇప్పుడది ఫంక్షన్ హాలు. వేలల్లో సినిమాలు వేశాను గానీ చూసింది తక్కువ. రీలు అయిపోవచ్చేటప్పుడు తెర మీద కుడిచేతి పైమూల చుక్క పడుతుంది. మొదటి చుక్కకు రెండో మిషన్ మోటారు వేయాలి, రెండో చుక్కకు బొమ్మను దాని మీదికి మార్చాలి. తప్పామా, తెర తెల్లబడుతుంది, నేల టికెట్టు వాళ్లు మన అమ్మానాన్నల్ని తలుచుకుంటారు. అందుకని హీరో చచ్చినా, హీరోయిన్ ఏడ్చినా నా కళ్లు ఆ మూలనే ఉండేవి.

1980లో ‘మా భూమి’ వచ్చినప్పుడు నేనింకా రీళ్లు చుట్టే పోరగాణ్ని. గద్దర్ ‘బండెనక బండి కట్టి’ ఎత్తుకున్నాడంటే కింద ఈలలకు మా బాక్సు రేకులు అదిరేవి. ఆ సినిమా నిర్మించిన బి. నర్సింగరావే 1988లో ‘దాసి’ తీశారు. దానికి అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. అంతకు ముందు ఏడాదే తమిళ ‘వీడు’కు ఉత్తమ నటి అయిన అర్చన దీనికి మళ్లీ అయింది. కళాదర్శకత్వానికి మన వైకుంఠం గారికి ఇచ్చారు. ఆయన గీసిన పెద్ద బొట్టు ఆడవాళ్ల బొమ్మలు ఇప్పుడు పెద్దపెద్ద వాళ్ల హాళ్లల్లో వేలాడుతుంటాయి, చూసే ఉంటారు. ఇన్ని అవార్డులొచ్చినా ఆ డబ్బాలు మా టాకీసు మెట్లెక్కలేదు. ఇన్నేళ్లకు మా మనవడు ఫోనులో దొరికిందని టీవీకి కలిపాడు.

చూద్దామని కూర్చున్నది నేనూ, మా అవ్వా. మేం అమ్మను అవ్వ అంటాం. ఎనభై అయిదు దాటినయి, చెవులు సరిగ్గా వినబడవు. ఈ సినిమాకు చెవులతో పెద్ద పని లేదు లెండి, మాటలే తక్కువ.

1920ల నాటి గడి. అందులో కమలాక్షి అనే దాసి. పని చేస్తూ ఉంటుంది. దొర పిలిస్తే పోతుంది. మళ్లీ పని. ఎవరూ కర్ర పట్టుకుని ఎదురు తిరగరు. నాకు అలవాటు పోలేదు, కళ్లు ఊరికే కుడి మూలకు పోతున్నయి. చుక్క పడితే మిషన్ మార్చే వంకతో ఓ నిమిషం తల తిప్పుకోవచ్చు కదా. టీవీలో చుక్క ఎక్కడిది? నడిమధ్యకే చూడాల్సి వచ్చింది. ఆమెకు దొర వల్ల కడుపవుతుంది. ఆ కడుపు తీయిస్తారు. దొర దొర లెక్కనే ఉంటాడు. బొమ్మ అయిపోతుంది.

మనవడు ‘ఇదేం సినిమా తాతా, వాణ్ని ఎవరూ ఏమనరా’ అన్నాడు. వాడి తప్పు లేదు. ముప్పై ఏళ్లు నేను వేసిన సినిమాలన్నీ ఆఖరి రీలులో విలన్‌ను తన్నించి జనాన్ని ఇంటికి పంపినవే.

అవ్వ మాత్రం తెర నల్లబడ్డాక కూడా అటే చూస్తున్నది. చాలాసేపటికి అన్నది: ‘తెల్లారితే ఆ పిల్లకు మళ్లా వాకిలూడ్చే పని ఉంటది గదరా.’

ఆ మీదట చెప్పుకొచ్చింది. అవ్వకు ఓ మేనత్త ఉండేదట. పది పన్నెండేళ్లప్పుడు దొరబిడ్డ పెండ్లయితే, అరణం కింద ఆవులతో, బిందెలతో పాటు ఈ పిల్లను కూడా ఆడబాపగా, అంటే పెండ్లికూతురి వెంట ఇచ్చే దాసిగా, అత్తగారి గడికి పంపారు. మళ్లీ ఒక్కసారే వచ్చిపోయిందట, అదీ వాళ్ల నాయిన చచ్చినప్పుడు. అవ్వ అప్పుడు చిన్నపిల్ల. ‘దగ్గరికి పోతుంటే మా అమ్మ చెయ్యి పట్టి గుంజింది’ అన్నది. అరవై ఏళ్లు దాటిన నాకు ఇలాంటి మనిషొకామె మా వంశంలో ఉందని ఆ రాత్రే తెలిసింది. పేరు కూడా చెప్పింది. పేపర్లో వద్దన్నది, రాయను.

తెల్లవారుజామున మా ఆవిడ వాకిలి ఊడుస్తున్నది. ఆ చప్పుడు రోజూ వినేదే, ఆ పొద్దు వినలేకపోయాను. లేచిపోయి చీపురు అందుకున్నాను. ‘ఏమైందయ్యా నీకు’ అన్నది. ఏం చెప్పను?

గడీలను కూలగొట్టమని నేనడగటం లేదు. ఉండనీయండి. కానీ మీ విలేకరి ముందు దర్వాజ నుంచి పోయి, దూలాలు కొలిచి వచ్చినట్టున్నారు. వెనక దిక్కు చిన్న తలుపు ఒకటి ఉంటుందట, నీళ్లు మోసేటోళ్లకూ అంట్లు తోమేటోళ్లకూ అదే దారి అని అవ్వ అంటున్నది. ఆడబాపలు పడుకునే తావు ఏదో, ఊళ్లో ముసలివాళ్లనడిగితే చెప్తారు. అలాంటి ముసలివాళ్లు ఇంకెందరు మిగిలారో చూసుకుని తొందరగా పోతే మంచిది.

మళ్లీ పోయేటట్టయితే తననూ తీసుకుపొమ్మంటున్నది మా అవ్వ. మోకాళ్ల నొప్పులు, బస్సు ఎక్కలేదు. జీపు ఏదన్నా మాట్లాడాలి.

– ఒక పాత సినిమా ఆపరేటరు,
నల్లగొండ