సిగరెట్ మానలేకపోతే పట్టుదల లేనట్టేనా?

ఎడిటర్ గారికి నమస్తే. సిగరెట్ మానలేని ఆడవాళ్ళని చూసి పట్టుదల లేదు అనేస్తారు గానీ ఒంట్లో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరండి. సిగరెట్‌లో ఉండే నికోటిన్ కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్‌ని పెంచుతుంది, అది ఎవరికైనా అంతే, కానీ ఈస్ట్రోజెన్ వల్ల ఆడవాళ్ళ లివర్ నికోటిన్‌ని తొందరగా కరిగించేస్తుంది, గర్భనిరోధక మాత్రలు వాడితే ఇంకా స్పీడు, గర్భంతో ఉంటే మరీను, అందుకే మళ్ళీ తాగాలనే కోరిక కూడా తొందరగా వస్తుంది. నికోటిన్ ఆపేశాక స్ట్రెస్ హార్మోన్ ఆడ ఎలుకల్లోనే ఎక్కువ పెరిగిందని ప్రయోగాల్లో తేలింది, మరి ఎలుకలకి కూడా పట్టుదల లేదంటారా! సిగరెట్ మానడానికి ఒంటికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్‌లు సగటున మగవాళ్ళకి పనిచేసినంతగా ఆడవాళ్ళకి పనిచేయవు, అందుకే డాక్టర్లు రాసే వరెనిక్లిన్ అనే మాత్ర మాత్రం నయం. మీ హెల్త్ పేజీలో అందరికీ ఒకటే సలహా వేయకుండా డాక్టర్లతో ఇవి కూడా రాయించండి.

- ఒక పాఠకురాలు