అధ్యాపక శిక్షణను తరగతి గదిలోనే కొలవాలి

సంపాదకులకు నమస్కారములు.

విశ్వవిద్యాలయ అధ్యాపకుల వృత్తి శిక్షణ గురించి ఎక్కడ చర్చ జరిగినా అది చివరకు రోజుల లెక్క దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఎన్ని రోజుల కోర్సు, ఎంతమంది హాజరయ్యారు, ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చారు అన్నవి వార్షిక నివేదికల్లో తప్పనిసరిగా ఉంటాయి. ఆ కోర్సు ముగించుకుని వెనక్కి వచ్చిన అధ్యాపకుడి పాఠంలో ఏమైనా మారిందా అన్నది మాత్రం ఏ నివేదికలోనూ కనిపించదు. ఇలాంటి శిక్షణలకు వెళ్లినవాడిగా, కొన్నింటిలో వక్తగా మాట్లాడినవాడిగా కూడా, ఈ విషయమై నాలుగు మాటలు మీ పత్రిక ద్వారా పాఠకుల ముందుంచదలిచాను.

మన దేశంలో పాఠశాలలో పాఠం చెప్పాలంటే బీఈడీ వంటి బోధన శిక్షణ ఉండాలి. డిగ్రీ, పీజీ విద్యార్థులకు చెప్పడానికి అలాంటిదేదీ అక్కర్లేదు. పీహెచ్‌డీ పరిశోధన ఎలా చేయాలో నేర్పుతుంది గానీ, అరవై మంది కూర్చున్న గదిలో ఒక కష్టమైన భావనను ఏ వరుసలో విప్పి చెప్పాలో నేర్పదు. అధ్యాపక ఉద్యోగాలకు అర్హత కోసం రాసే నెట్ పరీక్ష మొదటి పేపర్‌లో బోధనాభిరుచి (టీచింగ్ ఆప్టిట్యూడ్) ఒక యూనిట్‌గా ఉన్నమాట నిజమే. అయితే నాలుగు జవాబుల్లో సరైనదాన్ని గుర్తించగలిగినంత మాత్రాన పాఠం చెప్పడం వచ్చినట్టు కాదు. అందువల్ల ఉద్యోగంలో చేరిన కొత్తలో చాలామందిమి మనకు చదువు చెప్పిన గురువులలో ఒకరిని మనసులో పెట్టుకుని వారిలాగే చెప్పడానికి ప్రయత్నిస్తాం. ఆ గురువు మంచివారైతే విద్యార్థుల అదృష్టం.

ఈ లోటును పూడ్చడానికే 1986 జాతీయ విద్యా విధానం తరువాత యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే అకడమిక్ స్టాఫ్ కాలేజీలను నెలకొల్పింది. అవి 2015లో మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి, 2023లో మాలవీయ మిషన్ అనే అధ్యాపక శిక్షణ పథకం పేరు కిందికి వచ్చాయి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మొదటి పదోన్నతి రావాలంటే బోధన పద్ధతులపై 21 రోజుల ఓరియంటేషన్ కోర్సు పూర్తి చేయాలి. ఆ పై మెట్లకు రిఫ్రెషర్ కోర్సులు, వాటికి సరితూగే ఇతర కార్యక్రమాలు ఉన్నాయి. శిక్షణను పదోన్నతితో ముడిపెట్టకపోతే ఎవరూ వెళ్లరన్న వాదనను నేను కాదనను. అలా ముడిపెట్టడం వల్ల శిక్షణ ఒక అర్హతగా కాక ఒక అడ్డంకిగా, ఎలాగోలా దాటేయవలసిన గడపగా మారిందన్నదే నా బాధ.

ఆ కోర్సుల్లో జరిగేదేమిటో ఒకసారి చూడండి. ఉదయం నుంచి సాయంత్రం వరకు ఒకరి తరువాత ఒకరుగా రిసోర్స్ పర్సన్లు, అంటే ఆహ్వానిత వక్తలు, వస్తారు. ఒకరు పరిశోధన నీతి గురించి, మరొకరు ఒత్తిడిని తట్టుకోవడం గురించి, ఇంకొకరు విద్యార్థి కేంద్రిత బోధన గురించి మాట్లాడతారు. విద్యార్థి కేంద్రిత బోధన మీద గంటన్నరపాటు స్లైడ్లు చదువుతూ ఒక్కసారైనా ఎదుటివారిని ఒక ప్రశ్న అడగని ఉపన్యాసాలు నేను విన్నాను. ఆన్‌లైన్ కోర్సుల సంగతి చెప్పనక్కర్లేదు. కెమెరాలు ఆపేసి ఉంటాయి, హాజరు లింకు వచ్చినప్పుడు మాత్రం అందరూ మేలుకుంటారు, చివర్లో బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష ఉంటుంది. ఆ పైన ఫీడ్‌బ్యాక్ ఫారంలో "ఎక్సలెంట్" అన్న గడిలో టిక్కు పెడితేగాని సర్టిఫికెట్ డౌన్‌లోడ్ కాదేమోనన్నట్టు అందరూ అక్కడే టిక్కు పెడతారు.

శిక్షణ ఫలితాన్ని ఎలా కొలవాలో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ఆచార్యుడు 1959లోనే నాలుగు అంచెలుగా చెప్పాడు: పాల్గొన్నవారికి నచ్చిందా, వారు ఏమైనా నేర్చుకున్నారా, నేర్చుకున్నదాన్ని పనిలో పెట్టారా, దానివల్ల ఫలితంలో తేడా వచ్చిందా. మన ఫీడ్‌బ్యాక్ ఫారం మొదటి అంచె దగ్గర, చివరి పరీక్ష రెండో అంచె దగ్గర ఆగిపోతాయి. మూడు, నాలుగు అంచెలు అధ్యాపకుడి తరగతి గదిలో, అంటే కోర్సు ముగిసిన ఎన్నో నెలల తరువాత, తేలవలసినవి. అప్పటికి శిక్షణ ఇచ్చిన కేంద్రానికి ఆ అధ్యాపకుడితో సంబంధమే ఉండదు.

అయితే శిక్షణే వృథా అని తీర్మానించడం కూడా పొరపాటే అవుతుంది. గ్రాహమ్ గిబ్స్, మార్టిన్ కాఫీ అనే ఇద్దరు పరిశోధకులు 8 దేశాల్లోని 22 విశ్వవిద్యాలయాల అధ్యాపకులను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించారు. వారు చూసినవి నెలల తరబడి, ఉద్యోగం చేసుకుంటూనే సాగిన శిక్షణలు. శిక్షణ పొందినవారి బోధన క్రమంగా విద్యార్థి వైపు మొగ్గింది. ఏ శిక్షణా లేకుండా పనిచేస్తూపోయిన కొత్త అధ్యాపకుల్లో అలాంటి మార్పు రాకపోగా, కొంత వెనకడుగు కూడా కనిపించింది. అనుభవమే అన్నీ నేర్పుతుందని మన విభాగాల్లో పెద్దలు తరచుగా అనే మాటకు ఇది గట్టి జవాబు. పరిశీలించేవారు, సరిదిద్దేవారు లేని అనుభవం పాత అలవాట్లనే గట్టిపరుస్తుంది.

కోర్సులో విన్న కొత్త పద్ధతిని ఉత్సాహంగా మొదలుపెట్టి రెండు వారాల్లో వదిలేసేవారి గురించి కూడా చెప్పాలి. 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్సు, ఇంజినీరింగ్, గణితం కోర్సులపై వచ్చిన 225 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, కేవలం ఉపన్యాసం విన్న విద్యార్థులు ఫెయిలయ్యే అవకాశం, తరగతిలో చర్చిస్తూ, లెక్కలు చేస్తూ నేర్చుకున్నవారికంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువని తేలింది. ఇంత స్పష్టమైన ఫలితం ఉన్నా పద్ధతి నిలవకపోవడానికి కారణం 2019లో హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లో జరిగిన ఒక అధ్యయనంలో దొరుకుతుంది. అక్కడ విద్యార్థులు చురుకుగా పాల్గొన్న తరగతిలో ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. సాఫీగా సాగిన ఉపన్యాసమే వారికి బాగా అర్థమైనట్టు తోచింది. ఇక మన దగ్గర అధ్యాపకుడి పరిస్థితి ఊహించండి. "సారు పాఠం చెప్పకుండా మాచేతే చేయిస్తున్నారు" అని విద్యార్థులు ఫిర్యాదు చేస్తారు, సిలబస్ ఎంతవరకు వచ్చిందని విభాగాధిపతి అడుగుతారు, దాంతో ఆయన మళ్లీ నోట్సు చెప్పడంలోకి దిగిపోతారు. ఆ రెండో వారంలో ఆయన పక్కన నిలబడి, ఇది మామూలే, మరికొన్నాళ్లు కొనసాగించండి అని చెప్పగల మనిషి ఒకరుంటే ఆ పద్ధతి బతికేది. మూడు వారాల కోర్సు ఎంత బాగున్నా ఆ మనిషిని ఇవ్వలేదు.

ఆ మనిషి చేయగల పని చాలా చిన్నదిగా కనిపిస్తుంది. తోటి అధ్యాపకుడొకరు వెనక బెంచీలో కూర్చుని, ప్రశ్న అడిగిన తరువాత మనం ఎన్ని సెకన్లు ఆగామో మాత్రమే రాసుకున్నారనుకోండి. "అర్థమైందా? సందేహాలేమైనా ఉన్నాయా?" అని అడిగి, ఊపిరి తీసుకునేలోపే "సరే, ముందుకు వెళ్దాం" అనడం మనలో చాలామందికి అలవాటు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు పాఠశాల సైన్సు తరగతుల్లో దీన్ని కొలిచినప్పుడు ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు నిడివిలోనూ ఆలోచనలోనూ మెరుగవుతున్నాయని తేలింది. మూడు సెకన్లు మౌనంగా నిలబడటం చెప్పినంత తేలిక కాదు. ప్రయత్నించి చూసినవారికే తెలుస్తుంది. పాఠం అయ్యాక ఆ కాగితం చేతికిచ్చి, "మీరు అడిగిన వాటిలో సగం ప్రశ్నలకు జవాబు మీరే చెప్పేశారు" అని ఒక సహోద్యోగి నెమ్మదిగా అన్నప్పుడు కలిగే మేలుకొలుపు ఏ ఉపన్యాసంలోనూ కలగదు.

తరగతిలోకి మరొకరు వచ్చి కూర్చోవడం నిఘా అవుతుందని అధ్యాపక సంఘాలు భయపడటంలో న్యాయముంది. విభాగాల్లో వర్గాలున్నాయి, పాత పగలున్నాయి, ఈ పరిశీలన రేపు రహస్య నివేదికగా మారదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. కాబట్టి పరిశీలకుణ్ణి అధ్యాపకుడే ఎంచుకోవాలి, వీలైతే వేరే విభాగం నుంచి ఎంచుకోవాలి. రాసుకున్న కాగితం ఆ ఇద్దరి మధ్యనే ఉండాలి. పరిశీలన జరిగిందన్న ఒక్క విషయమే కార్యాలయానికి చేరాలి గానీ అందులో ఏముందన్నది చేరకూడదు.

మరో సంగతి క్లుప్తంగా. చాలా విశ్వవిద్యాలయాల్లో తరగతుల్లో పెద్ద భాగాన్ని గెస్ట్, కాంట్రాక్టు అధ్యాపకులే నడిపిస్తున్నారు. పదోన్నతే లేనివారికి పదోన్నతితో ముడిపడిన శిక్షణ పట్టదు, పంపేవారూ ఉండరు. విద్యార్థికి మాత్రం ఎదురుగా నిలబడినవారు రెగ్యులరా కాంట్రాక్టా అన్న తేడా ఉండదు.

ఇతర దేశాలు రోజుల లెక్క పూర్తిగా మానేశాయని అనలేం. నార్వేలో 2019 నుంచి అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే కనీసం 200 గంటల బోధన శిక్షణ ఉన్నట్టు చూపాలి. అది లేకుండా నియమితులైనవారు రెండేళ్లలో పూర్తి చేయాలి. బ్రిటన్‌లో ఉన్నత విద్యను సమీక్షించిన 1997 నాటి డియరింగ్ కమిటీ సిఫారసుల తరువాత, కొత్తగా చేరినవారు ప్రొబేషన్ కాలంలోనే బోధనలో సర్టిఫికెట్ కోర్సు చేయడం చాలా విశ్వవిద్యాలయాల్లో ఆనవాయితీ అయింది. అక్కడి కోర్సుల్లో తరగతి పరిశీలన, సొంత బోధనపై రాతపూర్వక సమీక్ష సాధారణంగా భాగంగా ఉంటాయి. అక్కడా విసుక్కుంటూ చేసేవారున్నారు, కాగితాలు నింపి గట్టెక్కేవారూ ఉన్నారు. కనీసం వారు నేర్చుకునే చోటు, పనిచేసే చోటు ఒకటే.

యూజీసీని, విశ్వవిద్యాలయాల పాలకవర్గాలను నేను కోరేది పెద్ద మార్పు కాదు. 21 రోజుల్లో మొదటి పది రోజులు ఇప్పటిలాగే శిక్షణ కేంద్రంలో జరపండి, కానీ ఉపన్యాసాలు తగ్గించి, పాల్గొన్న ప్రతి ఒక్కరి చేత పది నిమిషాల పాఠం చెప్పించి వీడియో తీసి వారికే చూపించండి. మిగిలిన పదకొండు రోజులను ఆ తరువాతి సెమిస్టర్ మీద పరచి, సొంత తరగతిలో జరిగే పరిశీలనలకు, వాటి మీద జరిగే సంభాషణలకు, ఒక ప్రశ్నపత్రాన్నో ఒక యూనిట్‌నో తిరగరాసి అమలు చేయడానికి కేటాయించండి. పరిశీలకుడిగా వెళ్లే అధ్యాపకుడికి ఆ గంటలను పనిభారంలో లెక్కగట్టండి, లేకపోతే మంచి మనసున్నవారే ఆ భారమంతా మోస్తారు. సర్టిఫికెట్‌ను సెమిస్టర్ చివరనే ఇవ్వండి.

ఇట్లు,
ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకుడు