కోపానికి ఐదు మార్కులు వేసిందెవరు?

సంపాదకులకు నమస్కారం.

‘జనం చూస్తున్నారు కాబట్టే చూపిస్తున్నారు, తప్పు మీడియాది కాదు, మనదే’ అంటూ ఒక పాఠకుడు రాసిన లేఖ గత వారం ఈ శీర్షికలో చదివాను. చాలామంది అనే మాటే అది. ఒకప్పుడు నేనూ అలాగే అనేదాన్ని. మా అమ్మకు జరిగింది చూశాక ఆ మాట ఒప్పుకోలేకపోతున్నాను.

అమ్మ మోకాళ్ల నొప్పికి వ్యాయామాలు వెతుకుతూ ఫోన్లో ఒక వీడియో చూసింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది, ఆ వెనక మరోటి. నెల తిరిగేసరికి ఆమె ఫోను నిండా ‘ఈ మాత్ర మింగితే కిడ్నీలు పోయినట్టే’ లాంటివే. డాక్టరు రాసిన బీపీ మాత్ర మాకెవరికీ చెప్పకుండా మానేసింది. కళ్లు తిరిగి పడిపోయాక గానీ మాకు తెలియలేదు. ఆమె అడిగింది మోకాళ్ల గురించి. నన్ను భయపెట్టండని ఎవర్నీ అడగలేదు.

ఎవరో పనిగట్టుకుని ఆమె మీద పగబట్టారని నేననను. అక్కడున్నది ఒక లెక్క. చూసే మనం డబ్బు కట్టం, ప్రకటనలు ఇచ్చేవాళ్లు కడతారు. వాళ్లు కొనుక్కునేది మన సమయాన్ని. యూట్యూబ్ 2012లో ‘ఎంతమంది నొక్కారు’ అన్నది పక్కన పెట్టి ‘ఎంతసేపు చూశారు’ అన్నదానికి పెద్దపీట వేసింది. వీడియో నొక్కించడానికి పైన పెట్టే మోసపు బొమ్మలను (థంబ్‌నెయిళ్లను) అరికట్టాలన్న ఉద్దేశం మంచిదే. కానీ కొలిచేది సమయాన్ని అయినప్పుడు, మనిషిని కదలకుండా కూర్చోబెట్టిందే గెలుస్తుంది. ఆ పని భయం చేసినంత బాగా ఇంకేది చేస్తుంది?

ఫేస్‌బుక్ ఉదంతం ఇంకా స్పష్టంగా ఉంది. 2017 నుంచి ఆ సంస్థ ఎమోజీలకు మామూలు లైక్ కంటే ఐదు రెట్లు విలువ కట్టింది. కోపం ముఖానికీ అంతే. ఎవరైనా ఒక పోస్టు మీద మండిపడి ఆ ఎర్ర ముఖం నొక్కితే, ‘ఇది నాకు గిట్టలేదు’ అన్న ఆ మనిషి మాట యంత్రానికి ‘ఇలాంటివి ఇంకా పంపు’ అని వినబడింది. కోపం ఎక్కువగా మూటగట్టుకునే పోస్టుల్లోనే అబద్ధాలు, విద్వేషం ఎక్కువని సంస్థలోని పరిశోధకులే గుర్తించారు. చివరికి 2020లో ఆ ఎమోజీ విలువను సున్నా చేశారు. తప్పుడు సమాచారం తగ్గింది. జనం ఫేస్‌బుక్ వాడటం మాత్రం తగ్గలేదు. ఆ సంస్థ మాజీ ఉద్యోగి ఫ్రాన్సెస్ హౌగెన్ 2021లో బయటపెట్టిన అంతర్గత పత్రాల వల్లే ఇదంతా లోకానికి తెలిసింది.

జనం కోరేది ఆ చెత్తనే అయితే, అది తగ్గినప్పుడు వాళ్లు లేచి వెళ్లిపోవాలి కదా! వెళ్లలేదు. గత వారం లేఖ రాసిన మిత్రుడు ఈ ఒక్క విషయం ఆలోచించాలని నా మనవి.

ఇది ఫోన్లతో మొదలైన జబ్బేమీ కాదు. 1833లో న్యూయార్క్‌లో ‘సన్’ అనే పత్రిక, మిగతావి ఆరు సెంట్లకు అమ్ముతుంటే, ప్రకటనల ఆదాయం చూసుకుని ఒక్క సెంటుకే వచ్చింది. రెండేళ్లకు చంద్రుడి మీద రెక్కల మనుషులు ఉన్నారని వరసగా కథనాలు అచ్చేసింది. అయితే ఆ అబద్ధం అందరికీ ఒకే కాగితం మీద చేరింది. ఒకరు నమ్మితే పక్కవాడు నవ్వే వీలుండేది. ఇప్పుడు ఎవరి ఫోన్లోది వాళ్లకే కనబడుతుంది. ఒకే ఇంట్లో ఉండి కూడా అమ్మ రోజంతా ఏం చూస్తోందో నాకు తెలియలేదు. నన్ను ఎక్కువ బాధించేది ఇదే.

ఐరోపా సమాఖ్య 2022లో డిజిటల్ సేవల చట్టం తెచ్చింది. నాలుగున్నర కోట్లమందికి పైగా వాడే వేదికలు, మన అలవాట్లను ఆరా తీసి వడ్డించని ఫీడ్‌ను కనీసం ఒకటైనా ఇవ్వాలని అందులో ఉంది. ఆ హక్కు అన్ని దేశాల్లోనూ ఉండాలి. అదీ సెట్టింగుల అడుగున ఎక్కడో కాదు, తెరవగానే కనబడే చోట ఉండాలి. దేనికి ఎన్ని మార్కులు వేస్తున్నారో సంస్థలు బయట పెట్టాలి. పరీక్ష రాసే పిల్లలకు కూడా ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులో ముందే చెబుతాం.

మీకూ ఒక మాట. అచ్చు పత్రికలో నిదానంగా చెప్పే వార్తకు వెబ్‌సైట్లో ‘షాకింగ్’ అని శీర్షిక పెట్టడం చాలా పత్రికల్లో చూస్తున్నాను. విలేకరుల పనిని మీరు క్లిక్కులతో కొలుస్తున్నారా? పాఠకులకు సూటిగా చెప్పండి.

అమ్మ మళ్లీ మాత్ర వేసుకుంటోంది. ఈ లేఖను వెబ్‌సైట్లో పెట్టేటట్టయితే, దయచేసి ఆమె పడిపోయిన సంగతిని శీర్షికకు ఎక్కించకండి.

– ఒక పాఠకురాలు