ప్రెయిరీలో చెట్లు నాటకండి

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ రాగానే ప్రవాస తెలుగు వార్తల పేజీల్లో ఒకే తరహా ఫొటోలు వస్తుంటాయి. ధరిత్రీ దినోత్సవం, చేతిలో మొక్క, వెనక సంఘం బ్యానరు. ఆ ఉత్సాహానికి వంక పెట్టలేం. కానీ షికాగో చుట్టుపక్కల ప్రెయిరీ నేలల్లో చెట్టు మొక్క నాటితే మేలు లేకపోగా చేటు జరుగుతుంది. ప్రెయిరీ అంటే గడ్డి నేల. చెట్టు నీడ పడిన చోట ఆ గడ్డి బతకదు. రోళ్లపాడు లాంటి బట్టమేక పిట్ట తిరిగిన గడ్డి భూములను మనవాళ్లు బంజరు కింద లెక్కగట్టే అలవాటే సముద్రాలు దాటి ఇక్కడికీ వచ్చినట్టుంది.

ఇల్లినాయ్‌లో ఒకప్పుడు సుమారు 2 కోట్ల 20 లక్షల ఎకరాల ప్రెయిరీ ఉండేది. 1837లో జాన్ డీర్ ఉక్కు నాగలి చేసింది ఈ రాష్ట్రంలోనే. ఆ నేలంతా మొక్కజొన్న, సోయా చేలైపోయి, మంచి స్థితిలో మిగిలింది సుమారు రెండున్నర వేల ఎకరాలు. అదీ పాత శ్మశానాల్లో, రైలు పట్టాల పక్కన, నాగలి దూరని చోట్ల. అందుకే ఇక్కడ ప్రెయిరీని కాపాడే పని, కాలిబాట పని కలిసే సాగుతాయి. షికాగో నుంచి అరోరా, ఎల్జిన్‌లకు నడిచిన రైలు 1957లో ప్రయాణికులను ఎక్కించుకోవడం మానేసింది. ఆ దారిని నడకబాట చేయమని 1963లో మే వాట్స్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞురాలు షికాగో ట్రిబ్యూన్ సంపాదకులకు లేఖ రాశారు. నేటి ఇల్లినాయ్ ప్రెయిరీ పాత్‌కు అదే మొదలు. ఇప్పుడది 60 మైళ్ల పైచిలుకు.

ఇలాంటి చోట సంఘాలు చేయగల పనుల్లో ముఖ్యమైనది బక్‌థార్న్ పొదలు కొట్టడం. యూరప్ నుంచి కంచెల కోసం తెచ్చిన ఈ చెట్టు గడ్డిని మింగేస్తుంది. నేలకు రెండు మూడు అంగుళాల పైన కోసి, మోడు మీది రంపపు పొట్టు తుడిచి, బెరడుకు లోపలి అంచు చుట్టూ కలుపు మందు అద్దాలి. కోసిన కొద్ది నిమిషాల్లోనే అద్దాలి, ఆలస్యమైతే మందు సరిగా లోపలికి దిగదు. మందులో నీలం రంగు కలుపుతారు, ఏ మోడుకు పూశారో తెలియడానికి. ఒక్కటి వదిలేసినా వచ్చే వేసవికి ఆ మోడు చుట్టూ పది చిగుళ్లు లేస్తాయి. వసంతం మొదట్లో రసం పైకెక్కే రోజుల్లో ఈ పని పెట్టుకోకూడదు, మందు బయటికి తన్నుకొస్తుంది. చలికాలమే సరైన అదను. మందు పూసేది లైసెన్సున్న సిబ్బంది. కోయడం, ఈడ్చడం, కుప్ప వేయడం మన వంతు. ఒకరు కోస్తే ఈడ్చడానికి ఇద్దరు కావాలి. ఆ లెక్క చూసుకోకుండా యాభై మందిని బస్సులో దింపితే నలభై మంది ఫోన్లు చూసుకుంటూ నిలబడతారు.

రెండోది విత్తనం. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా అనుమతి ఉన్న చోటే ఏరాలి. ఎంత విరివిగా కాసినా సగమైనా మొక్కల మీదే వదిలేయాలి. కాగితం సంచుల్లో వేసి, మొక్క పేరు, చోటు, తేదీ రాయాలి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమ్మ పట్టి రెండు రోజుల్లో బూజు. ఆరబెట్టి, జల్లించి, తడి ఇసుకలో కలిపి నవంబరు, డిసెంబరుల్లో చల్లుతారు. నేల గడ్డకట్టి కరిగేటప్పుడు గింజ తనంతట తానే లోపలికి దిగుతుంది. ఆ చలి తగిలితేనే చాలా రకాలు మొలకెత్తేది. చదరపు అడుగుకు 40 నుంచి 50 గింజలు పడితే చాలు.

అసలు పేచీ మరుసటి వేసవిలో వస్తుంది. మొదటి ఏడాది ప్రెయిరీ మొక్కలు వేళ్లు పెంచుకుంటాయి, పైన కనిపించేదంతా కలుపే. అది అడుగు ఎత్తుకు రాగానే ఆరు నుంచి ఎనిమిది అంగుళాలకు కోస్తూ ఉండాలి. అంతకన్నా కిందికి కోస్తే మొలకలు పోతాయి. దారిన పోయేవాళ్లు పిచ్చి మొక్కలని నగరపాలక సంస్థకు ఫిర్యాదు చేస్తారు. మరోపక్క రెండో మూడో ఏడు పూత మొదలయ్యే వేళ కాంట్రాక్టరు యంత్రం వచ్చి బాట అంచులన్నీ నున్నగా కోసేస్తుంది. అతనికి ఎవరూ చెప్పలేదు మరి. అందుకే భూమి ఉన్న కౌంటీ, విత్తనమిచ్చే సంస్థ, పనిచేసే సంఘం ముగ్గురూ సంతకం పెట్టిన ఒక్క పేజీ ఒప్పందం ఉండాలి: గడ్డి ఎవరు కోస్తారు, ఏ నెలలో, ఎక్కడిదాకా, గాయమైతే బీమా ఎవరిది. హద్దు కర్రలు పాతాలి. అన్నిటికన్నా చౌకైన పని ఇదే, అయినా దాదాపు అందరూ ఎగ్గొట్టేది ఇదే.

బాట విషయానికొస్తే, పది అడుగుల దారికి మధ్యలో అంచులకన్నా అంగుళం పైచిలుకు ఎత్తు లేకపోతే వాన నీరు నిలిచి, బాట మీద పరిచిన సున్నపురాయి పొడి పక్కకు కొట్టుకుపోతుంది. ఆ సున్నం పట్టిన అంచులో కలుపు ముందు లేస్తుంది. రాయి దించే లారీల టైర్లకు అంటుకునే స్వీట్ క్లోవర్ అనే కలుపు మొక్క గింజలు మరో తలనొప్పి. లోపలికి రానిచ్చే ముందే టైర్లు కడిగించాలి.

ఏడాదికోసారి వంద మంది రావడం కన్నా, నెలకోసారి అదే ఎనిమిది మంది, అదే అరెకరానికి, కనీసం మూడేళ్లు రావడం ఈ నేలకు కావాలి. ఈ చలికాలం మొదలుపెట్టదలచిన సంఘాలు ముందు ఆ స్థలం బాగోగులు చూసే బాధ్యుడితో (ఇక్కడ స్టీవార్డు అంటారు) మాట్లాడి, తోలు చేతి తొడుగులు, పొడవాటి పిడి కత్తెరలు, కంటికి రక్షణ అద్దాలు తెచ్చుకోండి. మొక్కలు తేవద్దు.

– ప్రెయిరీ పనుల్లో పాల్గొనే కొందరు తెలుగువాళ్లం,
అరోరా, ఇల్లినాయ్