కొత్త బ్యాంక్ ఎందుకు పీలగా వినిపిస్తోంది

డివా అనే సాఫ్ట్‌వేర్ సింథ్ కోసం, సినిమా నేపథ్య సంగీతానికని మేం చేసిన ప్యాచ్ బ్యాంక్ (రెడీమేడ్ సౌండ్ల సెట్) రెండో వెర్షన్ తీసుకున్నవాళ్లలో చాలామంది ఒకే మాట రాస్తున్నారు: "పాతది కీ నొక్కగానే గది నిండిపోయేది, కొత్తది పీలగా ఉందండీ." నిజమే, కావాలనే అలా చేశాం. పాత ప్యాచ్‌ల్లో సగం గొప్పదనం రివర్బ్‌దే (గదిలో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని). అది స్టీరియో స్టెమ్‌లో (మిక్సింగ్‌కు విడిగా ఇచ్చే ట్రాక్) కలిసిపోయాక థియేటర్ 5.1 మిక్స్‌లో విడదీయడం ఎవరి తరమూ కాదు. సీన్ కట్ అయినా రివర్బ్ తోక వేలాడుతూనే ఉంటుంది. అందుకే రివర్బ్, డిలే రెండూ ఆపేశాం. లెవెల్ కూడా తగ్గించాం. మీకు నచ్చిన రివర్బ్‌ను మిక్సర్‌లో వేరే బస్‌లో (విడి చానెల్) పెట్టుకుని వినండి, తర్వాత తిట్టండి.

బేస్ ప్యాచ్‌ల్లో రెండో ఆసిలేటర్ (సౌండ్ పుట్టించే భాగం) ఎందుకు లేదని ఇంకో ప్రశ్న. రెండు సా వేవ్‌లను (రంపపు పళ్ల ఆకారపు తరంగాలు) 6 సెంట్ల తేడాతో (సెంటు అంటే సెమీటోన్‌లో నూరో వంతు) పెడితే 440 హెర్ట్జ్ దగ్గర సెకనుకు ఒకటిన్నర సార్లు బీట్, అంటే సౌండ్‌లో ఊపు, వస్తుంది. వినడానికి బాగుంటుంది, అనలాగ్ సింథ్‌లో మనం ఇష్టపడేదే అది. అదే 6 సెంట్లు 55 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి బీట్ అయిదు సెకన్లకు ఒకసారి. రెండు ఆసిలేటర్ల తరంగాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకునే క్షణంలో ఫండమెంటల్ (స్వరం అడుగు ఫ్రీక్వెన్సీ) దాదాపు మాయమవుతుంది. విలన్ తలుపు తీసే చోటే అది జరిగితే సబ్ వూఫర్‌లో ఏమీ ఉండదు. కాబట్టి కింద ఒక్క ఆసిలేటరే. వెడల్పు కావాలంటే రెండు ఆక్టేవ్‌ల పైన ఇంకో ప్యాచ్ కలుపుకోండి. బేస్‌లో రెజొనెన్స్ (ఫిల్టర్ కటాఫ్ దగ్గర సౌండ్‌ను ఎత్తి చూపే నాబ్) కూడా పెంచకండి: లాడర్ ఫిల్టర్‌లో (పాత మూగ్ సింథ్‌ల తరహా ఫిల్టర్) అది పెరిగేకొద్దీ అడుగు పలచబడుతుంది.

కీబోర్డు పక్కనుండే మాడ్ వీల్ పూర్తిగా కిందికి ఉంటే అది డైలాగ్ పొజిషన్. ప్యాడ్‌లన్నిటికీ (నిలిచి మోగే మెత్తటి సౌండ్లు) కటాఫ్, అంటే ఫిల్టర్ కోత మొదలయ్యే చోటు, అక్కడ 300 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది. ఆక్టేవ్‌కు 24 డీబీ తగ్గించే ఫిల్టర్ కాబట్టి 1200 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి సుమారు 48 డీబీ తగ్గిపోతుంది, మాటలోని హల్లులకు అడ్డు రాదు. డైలాగ్ అయ్యాక వీల్ పైకి తోస్తే 4 కిలోహెర్ట్జ్ వరకు తెరుచుకుంటుంది. వాల్యూమ్ వీల్ మీద లేదు, ఎక్స్‌ప్రెషన్ సీసీ 11 (మిడీ కంట్రోల్ నంబరు) మీద ఉంది. అది కదలకపోతే డివా ప్రిఫరెన్సెస్‌లో కంట్రోల్ బి నంబరు 11 ఉందో లేదో చూసుకోండి.

ఆలాపనకో, సోలో వయొలిన్‌కో కింద పెట్టే డ్రోన్‌లు (తంబురాలా ఆగకుండా మోగే శ్రుతి) అయిదు వేరే ఫోల్డర్‌లో ఉన్నాయి. వీటిలో వాయిస్ డ్రిఫ్ట్ (శ్రుతి అటూ ఇటూ కొంచెం జారడం) సున్నా. తంబురాలో పంచమం 702 సెంట్లు, కీబోర్డులో 700. ఒకటిన్నర శ్రుతిలో ఈ రెండూ కలిసి మోగితే రెండు సెకన్లకోసారి ఊగుతుంది, గాయకుడికి చిరాకు. కాబట్టి డ్రోన్‌లకు తోడుగా శుద్ధ పంచమం ఉన్న ట్యూనింగ్ ఫైల్ కూడా ఇచ్చాం. అది మైక్రోట్యూనింగ్‌లో లోడ్ చేయకపోతే ఈ ఫోల్డర్ వల్ల ప్రయోజనం లేదు.

సీపీయూ సంగతి మాత్రం మెరుగవలేదు, అవదు కూడా. 6 నోట్ల కార్డుకు స్టాక్ 4 (ఒక్కో నోటుకు నాలుగు వాయిస్‌లు) అంటే 24 వాయిస్‌లు. రిలీజ్ (కీ వదిలాక మోగే సమయం) 8 సెకన్లుంటే తర్వాతి కార్డు దాని మీదే పడుతుంది. డివా క్వాలిటీ మోడ్‌లలో ట్యూన్ కట్టేటప్పుడు ఫాస్ట్, బౌన్స్‌కి (ఆడియో ఫైల్‌గా తీయడానికి) డివైన్ వాడండి. కానీ రెజొనెన్స్ ఎక్కువున్న ప్యాచ్‌లు ఈ రెండు మోడ్‌లలో ఒకేలా వినిపించవు, ఫైనల్‌కు ముందు డివైన్‌లో ఒకసారి వినాలి. ఇంకోటి: ఆసిలేటర్లు ఫ్రీగా తిరుగుతుంటాయి కనుక ప్రతి బౌన్స్‌లోనూ అటాక్ కొంచెం మారుతుంది. డైరెక్టర్ ఓకే అన్న టేక్‌ను అప్పుడే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఆడియోగా తీసి దాచండి. మళ్లీ రెండర్ చేస్తే అదే రాదు.

పాత ప్రాజెక్టులకు ఏమీ కాదు, ప్యాచ్ విలువలు ప్రాజెక్టులోనే సేవ్ అయి ఉంటాయి. అయినా కొత్త ఫోల్డర్‌ను పాతదాని మీద వేయకండి, పేర్లు కొన్ని ఒకటే. మొదటి వెర్షన్ డౌన్‌లోడ్ అలాగే ఉంచుతున్నాం. నొక్కగానే నిండుగా మోగే సౌండే కావాలనుకునేవాళ్లు అదే వాడుకోండి. కొత్తదానికి డబ్బు కట్టి నచ్చనివాళ్లు ఈ నెలాఖరులోగా రాయండి, వాపసు ఇస్తాం.